పేరున్న చెఫ్‌ల జపాన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కు అన్ని పైసలు పెట్టొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మాది కర్రీ పాయింట్. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ కూడా చేస్తాం. 14 ఏళ్లుగా ఇదే పని. గడిచిన రెండేళ్లలో రెండుసార్లు పేరున్న చెఫ్‌ల జపాన్ ఫ్యూజన్ రెస్టారెంట్లలో తిన్నాను. మొదటిసారి దుబాయ్‌లో, తమ్ముడి దగ్గరికి పోయినప్పుడు. రెండోసారి వేరే ఊళ్లో, వేరే చెఫ్ పేరు మీద నడిచే చోట. ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచి చుట్టాలు, కౌంటర్ దగ్గరికొచ్చే గిరాకీలు, పిల్లలు డల్లాస్‌లో ఉన్న మా కాలనీ వాళ్లు అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎవరికి వారికి చెప్పే బదులు అన్నీ ఒక్కచోట రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పక్కా. ఆ ధరకు తగునా, తగదా?

చేప ఇష్టంగా తినేవాళ్లకు ఒక్కసారికి తగును. ఏటా పోవాల్సిన చోటు మాత్రం కాదు. శాకాహారులకైతే అస్సలు వద్దంటాను, కారణం కింద వివరంగా రాశాను.

రెండు బిల్లులు కట్టాక నాకు అర్థమైంది ఇది: అక్కడ మనం కొనాల్సింది చేపను, కత్తి పట్టిన చేతిని. ఈ రెండూ మనకు ఇంకో చోట దొరకవు. వేపుళ్లు, నూడుల్స్, అన్నం, డెజర్ట్, మసక దీపాలు, గోడ మీది పేరు, వీటికి పెట్టే ప్రతి రూపాయీ ఎక్కువే. ఆర్డర్ చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకున్నవాళ్లు సంతోషంగా బయటికొస్తారు. మెనూలో కనిపించిందల్లా చెప్పినవాళ్లు బిల్లు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సెలబ్రిటీ చెఫ్ అంటే ఎవరు? అక్కడ మన వంట ఆయనే చేస్తాడా?

చెయ్యడు. ఇది తెలుసుకుని పోతే సగం నిరాశ తప్పుతుంది.

ఈ తరహా రెస్టారెంట్లకు బాట వేసినవాడు నొబుయుకి మత్సుహిస. లోకమంతా నోబు అంటుంది. 1949లో జపాన్‌లోని సైతమలో పుట్టాడు. టోక్యోలో సుషీ పని నేర్చుకున్నాడు. 1973లో పెరూ రాజధాని లిమాకు పోయి రెస్టారెంట్ నడిపాడు, అక్కణ్నుంచి అర్జెంటీనా పోయాడు. తర్వాత అలాస్కాలో అప్పు తెచ్చి పెట్టిన రెస్టారెంట్ తెరిచిన కొన్ని వారాలకే కాలి బూడిదైంది. అంత దెబ్బ తిన్నాక లాస్ ఏంజెలెస్ చేరి, మళ్లీ ఇంకొకరి దగ్గర పనికి కుదిరి, 1987లో బెవర్లీ హిల్స్‌లో తన పేరుతో చిన్న రెస్టారెంట్ తెరిచాడు. 1994లో నటుడు రాబర్ట్ డి నీరో భాగస్వామిగా న్యూయార్క్‌లో నోబు మొదలైంది. ఇప్పుడు లోకం మొత్తం మీద 50కి పైగా ఉన్నాయి, దుబాయ్‌లో, డల్లాస్‌లో కూడా. ఇంకో పెద్ద పేరు మసహరు మొరిమొటొ. 1955లో హిరోషిమాలో పుట్టాడు. 'ఐరన్ చెఫ్' టీవీ పోటీలతో ఇంటింటికీ తెలిశాడు, న్యూయార్క్ నోబు వంటశాలలో కూడా పనిచేశాడు. మన దేశంలో ఆయన పేరుతో ముంబై తాజ్‌లో 'వసాబి బై మొరిమొటొ' 2004లో మొదలైంది.

50 చోట్ల ఒక్క మనిషి ఉండలేడు. మనకు దొరికేది ఆయన రాసిపెట్టిన కొలతలు, ఆయన మనుషులు ఇచ్చిన శిక్షణ, ఆయన పేరు మీద వచ్చే మంచి సరుకు. ఇందులో తప్పేమీ లేదు. 600 మంది పెళ్లికి వండేటప్పుడు నేను మాత్రం ప్రతి గంజు దగ్గర నిలబడతానా? అల్లం ఎల్లిపాయ ముద్ద కొలత నాది, గరిటె వంట మేస్త్రీది. మేస్త్రీ మంచోడైతే నా పేరు నిలబడుతుంది. అందుకని టేబుల్ బుక్ చేసేటప్పుడు గోడ మీది పేరు గురించి కాదు, ఆ రోజు సుషీ కౌంటర్ దగ్గర పెద్ద చెఫ్ ఉంటారా అని అడగండి. ఉండని రోజైతే ఇంకో రోజు పొండి.

ఫ్యూజన్ అంటే రెండు దేశాల వంటను కలగలిపి ఎక్కువ ధరకు అమ్మడమేనా?

నేనూ అట్లాగే అనుకునేదాన్ని. కొన్నిచోట్ల నిజం కూడా. కానీ ఈ జపాన్ ఫ్యూజన్‌కు వెనక ఒక చరిత్ర ఉంది.

1899లో సకుర మారు అనే ఓడలో 790 మంది జపానీయులు పెరూలో కూలి పనికి దిగారు. మన మెట్‌పల్లి, జగిత్యాల వాళ్లు గల్ఫ్ పోయినట్టు, చెరకు తోటల్లో పనికి. వాళ్ల చేతిలో జపాన్ పద్ధతి ఉంది, ఎదురుగా పెరూ సరుకు ఉంది: నిమ్మకాయ, కొత్తిమీర, ఆహి అనే మిరపకాయ. తరాలు గడిచేసరికి 'నిక్కెయ్' అనే వంట తయారైంది. నోబు లిమాలో నేర్చుకున్నది అదే. పచ్చి చేప ముక్కల మీద హలపెన్యో మిరపకాయ చక్రం పెట్టడం ఆయన చేతిలో పుట్టి లోకమంతా పాకింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మిరపకాయ అసలు పుట్టింది ఆ అమెరికా ఖండాల్లోనే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని మన దేశానికి తెచ్చారు. అదే శతాబ్దంలో అదే పోర్చుగీసువాళ్లు జపాన్ చేరి పిండిలో ముంచి వేయించే పద్ధతి చూపించారు, అది టెంపురా అయింది. ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రగా పరిచిన మిర్చి కుప్పలు చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. మన తొక్కులో ఉన్నది కూడా ఒకప్పటి ఫ్యూజనే.

గింత చేప ముక్కకు అన్ని పైసలు ఎందుకు?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, నాకు జవాబు చెప్పాలని ఎక్కువ ఇష్టం ఉన్నదీ ఇదే.

మా కర్రీ పాయింట్‌లో పప్పు పాకెట్ 30 రూపాయలు. అందులో సగానికి పైగా సరుకుకే పోతుంది. పెద్ద రెస్టారెంట్లలో సరుకు ఖర్చు బిల్లులో సుమారు మూడో వంతు ఉండాలన్నది ఆ వ్యాపారంలో వాడుక లెక్క. మిగతాది అద్దె, జీతాలు, పేరుకు కట్టే వాటా, లాభం. కాబట్టి ధరలో పెద్ద భాగం మన నోట్లోకి రాదు, ఇది నిజం.

కానీ ఆ మూడో వంతులోని సరుకు మామూలు సరుకు కాదు. దుబాయ్‌లో మేము కౌంటర్ ముందు కూర్చున్నాం. చెఫ్ ఒక ట్యూనా దిమ్మను గుడ్డలోంచి తీశాడు. ఇటుకంత ఉంది. నల్లగా ఉన్న రక్తపు గీతను చెక్కేసి పక్కన పెట్టాడు, నరాలున్న అంచును ఇంకో పక్కకు. మొదటి ముక్క మా ముందుకు వచ్చేసరికి దిమ్మలో కొంత భాగం పోనే పోయింది. ఆ పోయినదాని ధర కూడా మనమే కడతాం. మా మటన్‌లో కొవ్వు, ఎముక తీసేసి అమ్మితే కిలో ఎంతవుతుందో లెక్కేసుకోండి.

ఇక ఆ చెయ్యి. కత్తి జానెడున్నర పొడవు, ఒక వైపే నూరి ఉంటుంది. మనలాగ ముందుకీ వెనక్కీ కోయడు. కత్తి మొదలును చేప మీద ఆనించి ఒక్క లాగు లాగుతాడు, మొనకు వచ్చేసరికి ముక్క పడిపోతుంది. కోసిన చోట అద్దంలా మెరుస్తుంది. రెండుసార్లు కోస్తే ఆ మెరుపు ఉండదు, నాలుక మీద గరుకు తెలుస్తుంది. తర్వాత తడి చేత్తో కొంచెం అన్నం తీసుకుని, మూడు నాలుగు కదలికల్లో మడిచి, చేపను మీద పెట్టి నొక్కి మన ముందు పెట్టాడు. ఆ అన్నం వేడిగా లేదు, చల్లగా లేదు, ఒంటి వేడి ఎంతో అంత. చేత్తో పట్టుకుంటే విడిపోలేదు, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకు విడిపోయింది. రోజూ పాతిక కిలోల బియ్యం వండే నాకు ఆ పని ఎంత కష్టమో తెలుసు. మా తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నాడు, నేను మాత్రం ఆ చేతుల మీంచి కన్ను తిప్పలేదు.

సుషీ అంటే పచ్చి చేప అని అనుకుంటారు చాలామంది. సుషీ అంటే వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన ఆ అన్నం. అన్నం లేకుండా ఉత్త చేప ముక్కలైతే అది సషిమి. ధరలో తేడా ఎందుకో అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి.

పచ్చి చేప తింటే రోగాలు రావా? మన కొర్రమీనుతో అట్లా చేసుకోవచ్చా?

కొర్రమీనుతో చేయొద్దు. రవ్వ, బొచ్చె, చెరువు రొయ్య, దేనితోనూ వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మా దగ్గర హోటల్ మేనేజ్‌మెంట్ చదివే ఒక పిల్లవాడు లక్నవరం చేపతో సషిమి చేసి వీడియో పెడతానన్నాడు. కొర్రమీను లాంటి మంచినీటి చేపల్లో నాథోస్టోమా అనే పురుగు పిల్లలు ఉండొచ్చు. పచ్చిగా తింటే అవి మనిషి ఒంట్లో తిరుగుతాయి, చర్మం కింద, కళ్లలో, మెదడులో కూడా చేరతాయి. కాలేయానికి పట్టే పురుగులు వేరే ఉన్నాయి. నిమ్మరసం పిండితే, మిరప్పొడి చల్లితే అవి చావవు. మన రాష్ట్ర చేపను పులుసు పెట్టుకోవడమే దానికి మనమిచ్చే గౌరవం.

సముద్రపు చేపకూ పురుగు ఉంటుంది. అందుకే పచ్చిగా వడ్డించే చేపలను ముందు గడ్డకట్టించాలి. అమెరికా ఆహార సంస్థ చెప్పే పద్ధతి: మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేకపోతే మైనస్ 35 దగ్గర గట్టిగా గడ్డకట్టించి 15 గంటలు. ట్యూనాకు, మేత వేసి పెంచిన కొన్ని సాల్మన్‌లకు మినహాయింపు ఉంది. మన ఇంటి ఫ్రిజ్ ఆ చల్లదనాన్ని నమ్మకంగా నిలబెట్టలేదు. మంచి రెస్టారెంట్‌లో ఈ లెక్క పాటిస్తారు, అడిగితే చెబుతారు. చెప్పడానికి నసిగితే సషిమి వద్దనేయండి.

గర్భంతో ఉన్నవాళ్లు పచ్చి చేప తినొద్దు. చిన్నపిల్లలకు, కీమోథెరపీ లాంటి వైద్యం నడుస్తున్నవాళ్లకు, బాగా వయసు మీద పడినవాళ్లకు కూడా పెట్టొద్దు. వియ్యంకులనూ, పెద్దలనూ తీసుకుపోతే వాళ్లకు ఉడికినవి చెప్పండి.

ఇంకో సంగతి. మనకు చేప అంటే తొట్టెలో ఎగురుతూ ఉండాలి, అప్పుడే తాజా. జపాన్‌వాళ్లు కొన్ని చేపలను పట్టిన వెంటనే మెదడు దగ్గర పొడిచి, రక్తం కార్చి, ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచి అప్పుడు కోస్తారు. కండ మెత్తబడి రుచి పెరుగుతుందట. తిన్నాక నేనూ ఒప్పుకున్నాను.

మేము శాకాహారులం. మాకేమన్నా ఉంటుందా?

ఉంటుంది. అవకాడో రోల్, దోసకాయ రోల్, వంకాయకు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూసి కాల్చింది, కూరగాయల టెంపురా. రుచిగానే ఉంటాయి. కానీ ఆ ధర తీసుకునేది చేపల సరఫరా కోసం, కత్తి పని కోసం. మీరు అవి రెండూ తినకుండా వాటి ఖర్చు పంచుకుంటారు. పైగా ఆ వంకాయ ఎంత బాగున్నా మన గుత్తి వంకాయ తిన్న నాలుకకు అది కొత్తగా ఇచ్చేది తక్కువ.

అంతకంటే ముఖ్యమైనది, తెలియకుండా చేప తినేస్తారు. జపాన్ వంటకు మూలం 'దాషి' అనే పలుచటి చారు. కొంబు అనే సముద్రపు ఆకును, ఎండబెట్టి పొగబట్టించిన బొనిటో చేప తురుమును నీళ్లలో వేసి తీస్తారు. మిసో సూప్‌లో, టెంపురా పక్కన ఇచ్చే ముంచుడు రసంలో, చాలా సాస్‌లలో ఇది ఉంటుంది. మెనూలో సూప్ ఎదుట టోఫు అని మాత్రమే రాసి ఉంటుంది. 'చేప లేని దాషీతో చేస్తారా' అని ఆ మాటతోనే అడగండి. కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో శాకాహార దాషి చేయడం వాళ్లకు తెలుసు, కానీ ముందురోజే చెప్పాలి. 1908లో కికునయే ఇకెద అనే శాస్త్రవేత్త ఆ కొంబు రసం నుంచే 'ఉమామి' అనే ఐదో రుచికి మూలమైన గ్లూటమేట్‌ను వేరుచేశాడు. కాబట్టి చేప లేకపోయినా రుచి పూర్తిగా పోదు.

ఇదే సందర్భంలో: 'వాగ్యూ' అంటే జపాన్ ఆవు మాంసం. మెనూలో ఆ ఒక్క మాటే ఉంటుంది. తిననివాళ్లు తెలియక ఆర్డర్ చేయకుండా చూసుకోండి. సాస్‌లలో వాడే మిరిన్, సాకే రెండింటిలోనూ మద్యం ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

వసాబి అసలుదో కాదో ఎట్లా తెలుస్తుంది?

పచ్చటి ముద్ద పళ్లెంలో ముందే పెట్టి తెస్తే అది చాలా వరకు హార్స్‌రాడిష్ దుంప పొడి, ఆవాలు, రంగు కలిపింది. అసలు వసాబి చల్లటి పారే నీళ్లలో పెరిగే మొక్క కాండం. మన ముందే సొరచేప చర్మం అతికించిన చిన్న చెక్క మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తారు. ఘాటు ముక్కుకెక్కి అంతలోనే దిగిపోతుంది, వెనక కొంచెం తీపి మిగులుతుంది. పావుగంట దాటితే ఆ వాసన పోతుంది. మెనూలో తాజా వసాబి అని రాసి విడిగా ధర వేస్తే మీ ముందే అరగదీయమని అడగండి.

ఏమేం ఆర్డర్ చేయాలి?

మొదటిది మిసో బ్లాక్ కాడ్. పేరులో కాడ్ ఉన్నా అది కాడ్ జాతి కాదు, సేబుల్‌ఫిష్ అనే ఉత్తర పసిఫిక్ చేప. కొవ్వు బాగా ఉంటుంది. తెల్ల మిసో, సాకే, మిరిన్, చక్కెర కలిపి కాచిన ముద్దలో రెండు మూడు రోజులు నానబెట్టి, తుడిచి కాలుస్తారు. పైన బెల్లం పాకం మాడే ముందు ఉండే రంగు వస్తుంది. చాప్‌స్టిక్ ఆనిస్తే చాలు, పొర పొరగా, తెల్లటి మల్లె రేకుల్లాగ విడిపోతుంది. ఈ ఒక్కటి మాత్రం ధరకు తగును అని ఏ అనుమానం లేకుండా చెబుతాను.

రెండోది న్యూ స్టైల్ సషిమి. పచ్చి చేప తిననని ఒక గిరాకీ పళ్లెం వెనక్కి పంపితే, నోబు ఆ ముక్కల మీద కాగిన నూనె పోసి మళ్లీ పంపాడట. అల్లం తురుము, ఉల్లికాడ మీద వేడి నూనె చుయ్యిమని పడుతుంది, పైపొర మాత్రం ఉడుకుతుంది. పోపు పెట్టడం తెలిసిన మన ఆడవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు, ఆ చప్పుడు వినగానే అర్థమైపోతుంది. పచ్చిది అంటే భయపడేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి.

మూడోది, కౌంటర్ దగ్గర కూర్చుంటే నాలుగైదు సుషీ ముక్కలు, చెఫ్ ఏది బాగుందంటే అది.

రొయ్యల టెంపురా వద్దు. బాగుండదని కాదు. చాలా తేలికగా, కరకరలాడుతూ ఉంటుంది, మంచు నీళ్లతో పిండిని కలిపీ కలపనట్టు కలుపుతారు. కానీ వేయించడం మనకు కొత్త కాదు. ఆ పైసలతో ఇంకో రెండు చేప ముక్కలు తినండి. ఫ్రైడ్ రైస్, నూడుల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒమకాసె తీసుకోమంటారా?

'మీ ఇష్టం, మీకే వదిలేస్తున్నా' అని చెఫ్‌తో చెప్పడం ఒమకాసె. వరసగా ఆయన పెట్టింది తినాలి. అన్ని రకాల చేపలూ తినేవాళ్లు, కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు తీసుకోండి. టేబుల్ దగ్గర పిల్లలతో కూర్చుంటే వద్దు. లంచ్ టైంలో సెట్ భోజనం ఉందేమో చూడండి, చాలాచోట్ల అదే వంటశాల, అదే చేప, ధర తక్కువ.

కారం ఉండదు కదా, మన నోటికి చప్పగా అనిపించదా?

మొదటి రెండు ముద్దలు అనిపిస్తుంది. ఆ రోజు పొద్దున తొక్కు, పచ్చళ్లు మానేసి పొండి. నాలుక కొంచెం ఖాళీగా ఉంటే సన్న రుచులు తెలుస్తాయి. హలపెన్యోది మన తేజ మిర్చి ముందు నిలబడే కారం కాదు. దాని పచ్చి వాసన కోసం వేస్తారు. మన చపాట మిర్చిలాగే అనుకోండి. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటకు కూడా కారం తక్కువ, రంగూ వాసనా ఎక్కువ.

అవ్వను, బాపును తీసుకుపోవచ్చా?

తీసుకుపొండి, కానీ పొద్దుగూకిన తర్వాత కాదు. రాత్రిపూట పెద్ద పాటలు, చీకటి, మెనూ చదవరాదు, ఎదుటి మనిషి మాట వినపడదు. మధ్యాహ్నం ప్రశాంతంగా ఉంటుంది.

మా అవ్వకు 71 ఏళ్లు. మెట్‌పల్లి దాటి ఎక్కువ తిరిగింది లేదు. దుబాయ్‌లో మాతో వచ్చింది. కూర్చోగానే "ఇది పచ్చిదా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను. "నాకు ఉడికింది చెప్పు" అంది. బ్లాక్ కాడ్ వచ్చింది. చాప్‌స్టిక్‌లు పక్కన పెట్టి చేత్తోనే తింది. పక్క టేబుల్ వాళ్లు చూస్తారేమోనని తమ్ముడు ఇబ్బంది పడ్డాడు. సుషీని జపాన్‌లో చేత్తో తినడం మర్యాదే, చెఫ్ స్వయంగా మాకు అట్లాగే తినమని చూపించాడు. చేపకు కూడా ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ సగం తిని, ఆగి, "ఇది రెండు దినాలు నానబెట్టిన్రు, లోపల దాకా ఉప్పు దిగింది" అంది. మిసో అంటే ఏమిటో ఆమెకు తెలియదు. నేను తర్వాత చదివి తెలుసుకున్నది ఆమె వేళ్లతో చెప్పింది.

బిల్లులో ఏమేం చూసుకోవాలి?

మన దేశంలో మామూలు రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం. గది అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం. ఈ రకం రెస్టారెంట్లు ఎక్కువగా అట్లాంటి హోటళ్లలోనే ఉంటాయి, కాబట్టి 10,000 తింటే 1,800 పన్నే. సర్వీస్ చార్జ్ వేరు, అది పన్ను కాదు. దాన్ని బలవంతంగా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని నెమ్మదిగా అడగండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. వడ్డించిన పిల్లలకు ఇవ్వాలనుకుంటే చేతికి ఇవ్వండి, వాళ్లకు చేరుతుంది.

డల్లాస్‌లో తింటే పన్ను 8.25 శాతం, దాని పైన 18 నుంచి 20 శాతం టిప్ అక్కడి ఆనవాయితీ. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం. హోటల్ రుసుములు ధరలో కలిసి ఉన్నాయో లేదో మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

మీకు బాధ కలిగిన సంగతి ఏమన్నా జరిగిందా?

జరిగింది. ఆ రెండింట్లో ఒక చోట, పేరు రాయను. కూర్చోగానే 'నీళ్లు ఎట్లాంటివి కావాలి' అని అడిగి సీసా తెచ్చారు. గ్లాసు సగం కాగానే నింపారు, సీసా అయిపోగానే అడగకుండా ఇంకోటి తెరిచారు. ఇట్లా నాలుగు. తర్వాత 'ఈరోజు ప్రత్యేకంగా ఒక చేప వచ్చింది' అన్నారు, ధర చెప్పలేదు. అడగడానికి మా ఆయన మొహమాటపడ్డాడు. బిల్లులో ఆ ఒక్క పళ్లెం మిగతా మూడింటికి సమానంగా ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైసలు పోయినందుకు కాదు. మా కౌంటర్ దగ్గర ధర చెప్పకుండా కూర కట్టిచ్చి తర్వాత 500 అడిగితే మా మొహాన కొడతారు, కొట్టాలి కూడా. పెద్ద చోటికి పోతే ధర అడగడం నామోషీ అని మనకెవరు నేర్పారో గానీ, ఆ మొహమాటం మీదే వాళ్లు బతుకుతున్నారు. మెనూలో 'మార్కెట్ ధర' అని ఉన్నా, నోటితో చెప్పిన స్పెషల్ ఏదైనా, ధర అడిగి అప్పుడు ఊఁ అనండి. మామూలు నీళ్లు కావాలని మొదట్లోనే చెప్పండి.

ఆ రుచి ఇక్కడ ఇంట్లో వస్తుందా?

సుషీ రాదు, ప్రయత్నించొద్దు. మిసో చేప మాత్రం చాలా దగ్గరగా వస్తుంది. తెల్ల మిసో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నాలుగు చెంచాల మిసోకు రెండు చెంచాల చక్కెర, నాలుగు చెంచాల నీళ్లు వేసి సన్న సెగ మీద చక్కెర కరిగేదాకా కలిపి చల్లార్చండి. మద్యం కావాలనుకునేవాళ్లు నీళ్ల బదులు సాకే, మిరిన్ వాడండి. చందువా లాంటి కొవ్వున్న సముద్రపు చేప ముక్కలకు పట్టించి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచండి. కాల్చే ముందు ముద్దంతా తుడిచేయాలి, లేకపోతే చక్కెర మాడి చేదెక్కుతుంది. మొదటిసారి నేను అదే పొరపాటు చేశాను. సన్న సెగ, మూత లేదు, తిప్పడం ఒక్కసారే.

మిగిలింది కట్టిస్తారా?

పచ్చి చేప, సుషీ కట్టివ్వరు. అడగొద్దు, వాళ్లు చేసేది సరైనదే. ఉడికినవి కట్టిస్తారు. దుబాయ్‌లో అవ్వ తినగా మిగిలిన బ్లాక్ కాడ్ ముక్కను చిన్న నల్ల డబ్బాలో పెట్టిచ్చారు. తెల్లారి తమ్ముడి గదిలో నేను వేడి బువ్వ వండి, పచ్చి పులుసు చేశాను. అవ్వ ఆ ముక్కను వేళ్లతో మెదిపి బువ్వలో కలుపుకుని, పచ్చి పులుసు పోసుకుని తిన్నది. "రాత్రి కంటే ఇప్పుడే మంచిగున్నది" అని నాకొక ముద్ద పెట్టింది.